అరచేయంతే కదా అనే మెసేజ్‌కి జవాబు

"మచ్చ అరచేయి దాటితేనే జబ్బు. అంతకన్నా చిన్నదైతే పట్టించుకోకండి, దురద మనసులో పుట్టేదే." చర్మం ఎర్రబడి దురద పెట్టే ఎగ్జిమా గురించి ఇలా మొదలయ్యే మెసేజ్‌ని చదువుకున్నవాళ్లే గ్రూపు గ్రూపుకీ పంపుతున్నారు. అందులోని ఆరు మాటలకీ జవాబు ఇది.

వంకాయ, గోంగూర మానేస్తే తగ్గుతుందట. ఫలానాది తిన్న ప్రతిసారీ దురద పెరిగితే అది మానండి. అందరూ అన్నీ మానక్కర్లేదు.

ఎగ్జిమా అంటుకుంటుంది, కంచం వేరుగా పెట్టమన్నారు. అంటుకోదు. అంటుకునేవి గజ్జి, తామర. కంచం వేరు చేస్తే ఆ మనిషి మనసు విరుగుతుంది, అంతే.

దురద మనసులోదేనట. ఎగ్జిమాలో చర్మంలో తయారయ్యే రసాయనాలు సన్నటి నరాలను రేపుతాయి. రాత్రి ఒళ్లు వెచ్చబడి దురద ఇంకా పెరుగుతుంది. దిగులు దాన్ని ఎక్కువ చేస్తుంది, నిజమే. కానీ పుట్టించేది దిగులు కాదు.

ఇక అసలు మాట, అరచేయి కొలత. ఎగ్జిమా తీవ్రతకు డాక్టర్లు వాడే ఈఏఎస్ఐ కొలతలో మొత్తం 72 మార్కులు. వేళ్లతో కలిపి ఒక అరచేయి ఒంటిలో దాదాపు 1 శాతం. ఆ అరచేయి మొత్తం ఎర్రబడి, ఉబ్బి, గీరుకుపోయి, తోలులా మందమైనా పెద్దవాళ్లకు వచ్చేది 2.4. అంటే కాగితం మీద 'స్వల్పం'. ఇప్పుడు ఆ చేత్తో పచ్చిమిరపకాయలు తరగండి, చింతపండు పిసకండి, సబ్బునీళ్లలో గిన్నెలు తోమండి. పగుళ్లలోకి కారం దిగితే స్వల్పమంటే ఏమిటో తెలుస్తుంది!

బతుకు మీద పడే భారానికి వేరే కొలత ఉంది. 1994లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో తయారైన డీఎల్‌క్యూఐ. గడిచిన వారం గురించి 10 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3. అదే చేతికి వేసి చూడండి: దురద 3, నలుగురిలో బిడియం 2, ఇంటిపని 3, ఉద్యోగం 2, పేరంటాలకు వెళ్లడం 1, మందు రాసుకునే అవస్థ 2. మొత్తం 13. అక్కడ 11 నుంచి 20 దాకా 'చాలా ఎక్కువ ప్రభావం'. ఒకే చేయి, ఒకే వారం. ఒక కొలతలో స్వల్పం, ఇంకోదానిలో తీవ్రం. గజ్జల్లోనో, కనురెప్పల మీదో వచ్చినా ఇదే కథ. విస్తీర్ణం పెరిగితే బాధ పెరగడం మామూలే గానీ, విస్తీర్ణం చూసి బాధ ఇంతేనని తేల్చేయడం తప్పు.

అన్నిటికన్నా ప్రమాదం ఐదో సలహా: మందుల షాపులో మూడు మందులు కలిసిన ట్యూబు తెచ్చి రాసుకోమనడం. అందులో ఘాటైన స్టెరాయిడ్ ఉంటుంది. అది ఎగ్జిమా కాక తామరైతే, రెండు రోజుల్లో దురద తగ్గినట్టుంటుంది, ఎరుపు పోతుంది, ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది. ఆపగానే రెట్టింపై వస్తుంది, ఆకారం మారిపోయి డాక్టరుకూ పోల్చుకోవడం కష్టమవుతుంది. తొడల లోపల వారాల తరబడి రాస్తే పడే చారలు పోవు. డాక్టర్ రాసిస్తే స్టెరాయిడ్ మంచి మందే. చూపుడు వేలి కొస నుంచి మొదటి కణుపు దాకా పిండితే సుమారు అర గ్రాము, రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది.

చివరి మాట మాత్రం నిజం. "డాక్టర్లు మచ్చ చూస్తారు, నిద్ర పట్టిందా అని అడగరు" అని ఉంది. ఒప్పుకోవాలి. ఈఏఎస్ఐలో దురదకు గానీ నిద్రకు గానీ ఒక్క మార్కు లేదు. స్కోరాడ్ అనే కొలతలో రెండూ ఉన్నాయి, కానీ రద్దీగా ఉండే ఓపీలో అన్నీ వేసే తీరిక దొరకదు. అందుకే వెళ్లేముందు కాగితం మీద మూడు రాసుకోండి: వారంలో ఎన్ని రాత్రులు దురదకు మెలకువ వచ్చింది, ఏ పని ఆగిపోయింది, పదికి దురద ఎంత. మచ్చ చూపించేముందే ఆ కాగితం చేతికివ్వండి.