మూడు కొటేషన్ల గారికి ఒక స్టోర్స్ గుమాస్తా లేఖ

మహారాజశ్రీ మూడు కొటేషన్ల గారికి,

హైదరాబాదులో ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసు స్టోర్స్ గుమాస్తా నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మార్చి నెల నడుస్తోంది కాబట్టి క్షేమమని గట్టిగా చెప్పలేను.

ఆఫీసుకి ఏదైనా కొనేముందు మూడు షాపుల నుంచి తెప్పించే ధర కాగితాలు మీరు, కాబట్టి మీరు ముగ్గురని లోకం అనుకుంటుంది. ఇరవై ఏళ్ళుగా మిమ్మల్ని ఫైల్లో ట్యాగు వేసి కడుతున్నవాణ్ణి, మీ గుట్టు నాకు తెలుసు. 2012లో మా సెక్షన్‌కి స్టీలు బీరువా కావాల్సి వచ్చింది. షాపు కుర్రాడు మీ ముగ్గుర్నీ ఒకే కవర్లో తెచ్చాడు. 13,800, 14,250, 14,900. లెటర్‌హెడ్లు మూడు, రబ్బరు స్టాంపులు మూడు, 'అల్మైరా' స్పెల్లింగులో తప్పు మాత్రం మూడింట్లోనూ ఒకటే. ఒకదాని స్టాంపు సిరా ఆరకముందే రెండోదాన్ని మీద పెట్టినట్టున్నారు, దాని వీపున అక్షరాలు తిరగబడి అచ్చుపడ్డాయి. పోటీ వ్యాపారుల మధ్య అంత అన్యోన్యత నేను కాపురాల్లో కూడా చూడలేదు.

సరే, గళ్ళు గీసి మూడు ధరలూ పోల్చే కంపారిటివ్ స్టేట్‌మెంట్ వేశాను. ఎల్-వన్‌కి, అంటే అందరికంటే తక్కువ ధర చెప్పినవాడికి, ఆర్డరు వెళ్ళింది.

తమాషా ఏమిటంటే, ఆ బీరువాకి అసలు మీ అవసరమే లేదు. 2005 నాటి జీఎఫ్ఆర్, అంటే కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాల పుస్తకం, 145వ రూలు ప్రకారం 15,000 దాకా కొటేషన్లు లేకుండానే కొనుక్కోవచ్చు. సరుకు నాణ్యంగా ఉందనీ, నమ్మకమైన వాళ్ళ దగ్గర సరైన ధరకే కొన్నాననీ, నాకు స్వయంగా తృప్తి కలిగిందనీ అధికారి ఒక సర్టిఫికెట్ రాసి సంతకం పెడితే చాలు. 2017లో అదే 154వ రూలై, హద్దు 25,000కి పెరిగింది. అప్పుడు మా సూపరింటెండెంట్ గారికి పుస్తకం తెరిచి చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "తృప్తి పడ్డానని రాస్తే, ఎందుకు పడ్డావని ఆడిట్ వాళ్ళు అడగరటయ్యా? ఎందుకైనా మంచిది, మూడూ పెట్టు" అన్నారు.

మీ అసలు ఉద్యోగం నాకు ఆ రోజే అర్థమైంది. 'చూసి, నచ్చి, నేనే కొన్నాను' అనే మాట ఆఫీసులో ఎవరి నోటా రాకుండా కాపలా కాయడం.

మా ఆవిడకి మీరెవరో తెలియదు. రైతుబజారులో ధర బోర్డు మీద రాసే ఉంటుంది, అయినా నాలుగు అంగళ్ళూ తిరుగుతుంది. బెండకాయ కొస విరిచి చూస్తుంది. టక్కున విరిగితేనే సంచీలో పడుతుంది. రెండు రూపాయలు తక్కువకొస్తుందని ముదురుకాయ తెస్తే రాత్రికి ఆ పీచు నమలాల్సింది మేమేగా! పోటీ, పొదుపు, నాణ్యత అంటూ రూల్సు పుస్తకం పేజీలకి పేజీలు చెప్పేదంతా ఆవిడ చేసే ఆ బేరంలోనే ఉంది. బీరువా కొన్నప్పుడు మాలో ఒక్కరూ షాపుకెళ్ళి దాని తలుపు తీసి, వేసి చూసిన పాపాన పోలేదు.

ఫలితం రెండేళ్ళలో తెలిసింది. ఆడిట్ పార్టీ వచ్చిన పొద్దున బీరువా తాళం బిగుసుకుపోయింది. వాళ్ళడిగిన కొటేషన్ల ఫైళ్ళన్నీ, మీతో సహా, లోపలే ఉన్నాయి. తాళాలవాడు వచ్చి 600 తీసుకుని తెరిచాడు. ఆ 600కి కొటేషన్ ఏదని ఎవరూ అడగలేదు.

ఒక పెద్ద ఆర్డర్ని నాలుగు ముక్కలు చేసి హద్దు లోపలికి తెచ్చిన కథలు ఇక్కడ రాయను, రిటైర్‌మెంట్ దగ్గర పడింది. ఆర్థిక సంవత్సరం చివర్లో ఖర్చు ఎగబడి పెట్టడం తప్పని 62వ రూలు చెప్తుందని మాత్రం మనవి. దాని జిరాక్సు నా బల్ల అద్దం కింద ఉంది. దాని మీదే పెట్టి మార్చి బిల్లులన్నీ రాస్తాను.

2016లో ప్రభుత్వ ఆఫీసులు ఆన్‌లైన్లో సరుకు కొనే జెమ్ పోర్టల్ వచ్చినప్పుడు మీ పని అయిపోయిందని మురిశాను. అక్కడా ఒక మొత్తం దాటితే కనీసం ముగ్గురు తయారీదారుల ధరలు పోల్చమన్నారు. పెళ్ళికైనా, కుర్చీకైనా మూడు ముళ్ళు తప్పవు కాబోలు.

నిన్న కిటికీలకి కర్టెన్లు కుట్టించాలని పైనుంచి కబురొచ్చింది. మధ్యాహ్నానికల్లా ఆ పాత కుర్రాడే దిగాడు. ఇప్పుడు షాపు అతనిదే, జుట్టు కూడా నెరిసింది. సంచీలోంచి స్టాంపు ప్యాడు, మూడు స్టాంపులు తీసి నా బల్ల మీద వరసగా పెట్టి అడిగాడు: "సార్, ఈసారి ఎల్-వన్ ఎవర్ని చేద్దాం?"

ఇట్లు
తమ విధేయుడు,
స్టోర్స్ గుమాస్తా