ఆ అంశం వచ్చినప్పుడు కుర్చీ వదలాలి

సర్కారు నుంచి క్వింటా వడ్లు తీసుకున్న మిల్లు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు సర్కారుకు తిరిగివ్వాలి. ఇది కస్టమ్ మిల్లింగ్ లెక్క. ఆ బియ్యం బాకీపడ్డ మిల్లులను ఏం చేయాలో తేల్చే సమీక్షలో కూర్చున్న ప్రజాప్రతినిధికే అదే జిల్లాలో, బావమరిది పేరిట మిల్లు ఉంటే? గడువు పెంచమని ఆయన అడిగింది రైతు కోసమో మిల్లు కోసమో ఎవరు చెప్పగలరు? వ్యాపారం ఉండటం తప్పని మేం అనడం లేదు. దాన్ని దాచి నిర్ణయంలో పాలుపంచుకోవడమే తప్పు.

ఎంపీలకు, ఎమ్మెల్యేలకు వర్తించే ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లో సెక్షన్ 9ఏ ఉంది. సర్కారుతో సరకుల సరఫరాకో, పనులకో సభ్యుడు తాను కుదుర్చుకున్న కాంట్రాక్టు నడుస్తుంటే అనర్హుడవుతాడు. ఆ 'తాను' దగ్గరే చట్టం చిల్లుపడింది. లైసెన్సు తమ్ముడి పేరు మీదుంటే సెక్షన్ పట్టదు. పని పూర్తయి, కొలతల పుస్తకం (ఎంబీ)లో రికార్డయి, బిల్లు మాత్రమే ఆగి ఉంటే కాంట్రాక్టు లేనట్టేనని సెక్షన్ వివరణే చెబుతోంది. బిల్లు రావాల్సినవాడికే కదా ఇంజినీరు మీద ఒత్తిడి తెచ్చే అవసరం ఎక్కువ! గనుల లీజు ఈ సెక్షన్ కిందికి రాదని కర్తార్ సింగ్ భడానా కేసులో 2001లో సుప్రీంకోర్టు తేల్చింది. గ్రానైట్ క్వారీలున్న కరీంనగర్‌లో ఈ మినహాయింపు చిన్నదేమీ కాదు.

లోక్ ప్రహరి అనే సంస్థ వేసిన కేసులో 2018 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, అభ్యర్థులు నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్ ఫారం 26లో భార్యాభర్తల, ఆధారితుల, వారి భాగస్వామ్య సంస్థల సర్కారు కాంట్రాక్టులూ రాయాల్సి వస్తోంది. మంచిదే, కానీ అది నామినేషన్ రోజు లెక్క. పదవిలో ఉండగా మధ్యలో కొన్న భూముల సర్వే నంబర్లు అందులో ఎక్కవు. రాజ్యసభ సభ్యులకు డైరెక్టర్ పదవులు, వాటాలు, కన్సల్టెన్సీ వంటివి నమోదుచేసే రిజిస్టరుంది. లోక్‌సభకు అదీ లేదు.

66 డివిజన్ల గ్రేటర్ వరంగల్ నుంచే మొదలుపెట్టొచ్చు. ఎజెండాలో ప్రతి పని పక్కన సంస్థ పేరే కాదు, భాగస్వాముల పేర్లూ అచ్చువేయాలి. సంబంధం ఉన్న కార్పొరేటర్ ముందే చెప్పి, మినిట్స్‌లో రాయించి, హాలు బయటికి వెళ్లాలి. మౌనంగా కూర్చుంటే సరిపోదు, ఎదురుగా ఆయన ఉండగా బిల్లులో తేడా ఉందని ఏ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) నోరు విప్పుతాడు? తోబుట్టువులు, వియ్యంకుల సంస్థల పాన్, జీఎస్టీ నంబర్లతో కార్పొరేషన్‌లోనూ ఒక రిజిస్టరు ఉంటే టెండరు తెరిచేటప్పుడే సరిపోల్చవచ్చు. ముక్కలు చేసి టెండరు లేకుండా నామినేషన్ మీద ఇచ్చే పనులనూ వదలకూడదు, అసలు లీకేజీ అక్కడే. మాస్టర్ ప్లాన్, రింగ్ రోడ్డు పరిధిలో భూమి కొంటే 30 రోజుల్లో నమోదు చేయాలి. తనిఖీ బాధ్యత పాలకవర్గంతో రోజూ పనిపడే కమిషనర్‌కు అప్పగించొద్దు, జిల్లా బయటి ఆడిట్ అధికారికివ్వాలి.

శిక్ష మాటకొస్తే, సంబంధం దాచినట్టు తేలితే ఆ తీర్మానం చెల్లదని, బిల్లు ఆగిపోతుందని నిబంధన పెడితే చాలు. కాంట్రాక్టరే ముందుగా వచ్చి బంధుత్వం చెబుతాడు.