బ్రాకెట్ ఫైనల్ - కాపీ - కాపీ

బ్రౌజర్లో నడిచే క్యాడ్ (కంప్యూటర్లో యంత్ర భాగాల మోడల్స్ గీసే సాఫ్ట్‌వేర్) వాడే ఏ డిజైన్ ఆఫీసుకైనా వెళ్లి, డాక్యుమెంట్ల పేజీ తెరవమనండి. ముందుగా కనిపించేది బ్రాకెట్ అనే వంచిన రేకు ముక్క తాలూకు వంశవృక్షం. బ్రాకెట్. బ్రాకెట్ - కాపీ. బ్రాకెట్ ఫైనల్. బ్రాకెట్ ఫైనల్ - కాపీ. బ్రాకెట్ ఫైనల్ - కాపీ - కాపీ. వీటన్నిటికీ పెద్దదిక్కుగా "బ్రాకెట్ ఇదే వాడండి". దాని కిందే "బ్రాకెట్ ఇదే వాడండి - కాపీ". ఇంతకీ ఏది వాడాలయ్యా అంటే, ఆ సంగతి తెలిసిన కుర్రాడు దసరాకి ఊరెళ్లాడట, వచ్చాక అడుగుతారట.

ఇదే ఘనకార్యం పాత తరం క్యాడ్‌లో జరిగితే ఎవరూ తప్పు పట్టరు. అక్కడ పెన్‌డ్రైవ్ పోతే డ్రాయింగ్ పోయినట్టే. కరెంటు పోతే పొద్దుటి నుంచి చేసిన పని పోయినట్టే. కాపీ ఆ భయంలోంచి పుట్టింది. ఆ భయాన్ని వదిలించాలనే, సాలిడ్‌వర్క్స్ అనే పాత తరం క్యాడ్ కంపెనీని స్థాపించిన జాన్ హిర్ష్‌టిక్ పాత సహచరులతో కలిసి ఆన్‌షేప్ అనే బ్రౌజర్ క్యాడ్ మొదలుపెట్టి, 2015లో జనం ముందుకు తెచ్చాడు. అందులో సేవ్ బటన్ లేదు. మార్చిన ప్రతి కొలతా, ఎవరు మార్చారో ఎప్పుడు మార్చారో సహా, సర్వర్లో నమోదవుతుంది. నెల కిందటి మంగళవారం మోడల్ ఎలా ఉండేదో హిస్టరీలో ఆ వరుస నొక్కితే కనిపిస్తుంది. కావాలంటే అక్కడికి రిస్టోర్ చేసుకోవచ్చు. ఆ రిస్టోర్ కూడా మరో వరుసగా చేరుతుంది కాబట్టి దాన్నీ వెనక్కి తిప్పొచ్చు. 2019లో పీటీసీ అనే మరో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆన్‌షేప్‌ని 47 కోట్ల డాలర్లు పోసి కొనుక్కుంది. పాపం, ఆ హిస్టరీని ఎవరో ఒకరు తెరుస్తారనుకుని ఉంటారు. మనమేమో వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరుగుతున్నాం.

కాపీ తీసే పద్ధతి మాత్రం శాస్త్రోక్తంగా ఉంటుంది. మెనూలో కాపీ వర్క్‌స్పేస్ నొక్కాలి. పేరు చివర "కాపీ" అని సాఫ్ట్‌వేరే తగిలిస్తుంది. దాన్ని మార్చడం మహాపచారం. ఇప్పుడొక కొత్త డాక్యుమెంట్ పుట్టింది. దీనికి గతం లేదు: పాత హిస్టరీ, పాత వెర్షన్లు అన్నీ మొదటి డాక్యుమెంట్ దగ్గరే ఉండిపోయాయి. దీనికి బంధువులూ లేరు. యంత్రం మొత్తం అసెంబ్లీ మరో డాక్యుమెంట్‌లో ఉంది, అది ఈ బ్రాకెట్‌ని మొదటి డాక్యుమెంట్ వెర్షన్ 3 నుంచి తెచ్చుకుంది. మార్పు అక్కడే చేసి వెర్షన్ 4 అని పెట్టి ఉంటే, అసెంబ్లీలో ఆ పార్ట్ పక్కన గుర్తు వెలిగి, కొత్తది వచ్చింది తీసుకుంటావా అని అడిగేది. మార్పు కాపీలో జరిగింది కనక అసెంబ్లీకి కబురే అందదు. అది పాత బ్రాకెట్‌నే చూపిస్తూ, అంతా సరిగ్గా సరిపోయిందని చిద్విలాసంగా నవ్వుతూ ఉంటుంది.

ప్రత్యామ్నాయం ఉందని గుర్తు చేస్తే పెద్దల మనసు నొచ్చుకుంటుందేమో గానీ, ఉంది. క్రియేట్ వెర్షన్ నొక్కాలి. ఒక పేరు పెట్టాలి. వివరణ గడిలో ఒక్క వాక్యం రాయాలి: హోల్స్ 9 నుంచి 11 మి.మీ.కి, ఎం10 బోల్టు (10 మి.మీ. లావుది) కోసం. అంతే, ఆ మోడల్ అక్కడ గడ్డకట్టినట్టే, వెర్షన్‌లో జ్యామితిని ఇక ఎవరూ కెలకలేరు. ప్రయోగాలు చేయాలనిపిస్తే ఆ వెర్షన్ నుంచి ఒక బ్రాంచ్, అంటే పక్కదారి, తీసుకోవాలి. నచ్చితే మెయిన్ అనే అసలు దారిలో మెర్జ్ చేయాలి, నచ్చకపోతే దాని మానాన దాన్ని వదిలేయాలి. తేడా ఎక్కడుందో కంపేర్ నొక్కితే తెరమీదే తెలుస్తుంది. పన్నెండు సైజుల బ్రాకెట్లు కావాలంటే పన్నెండు డాక్యుమెంట్లు అక్కర్లేదు. కాన్ఫిగరేషన్ పట్టికలో పొడవు, వెడల్పు, హోల్ వ్యాసం అని మూడు నిలువు గళ్లు, పన్నెండు అడ్డ వరుసలు చాలు. మందం అన్నిటికీ ఒకటే గనక దాన్నొక వేరియబుల్‌గా పెట్టుకుంటే, 3 మి.మీ. షీటు 4 అయినప్పుడు మార్చాల్సింది ఒకే ఒక్క అంకె. కాపీ సంప్రదాయంలో పన్నెండు డాక్యుమెంట్లూ వరసగా తెరిచి, ఒక్కోదాంట్లో మార్చుకుంటూ పోయి, పదకొండోదాని మధ్యలో భోజనానికి లేస్తారు.

"డాక్యుమెంట్ హెవీ అయిపోయింది సార్, అందుకే కాపీ తీశా" అనేది ఈ సంప్రదాయపు బ్రహ్మాస్త్రం. హెవీ అయిన మాట నిజమే, దాని కారణం హిస్టరీ మాత్రం కాదు. మోడల్ కట్టిన అంచెల (ఫీచర్ల) జాబితా దగ్గర గడియారం గుర్తు ఒకటుంటుంది. నొక్కితే ఏ ఫీచర్ ఎంత సమయం తింటోందో లెక్క అప్పజెబుతుంది. నొక్కిన పాపాన పోయినవాడు లేడు. నొక్కి ఉంటే తెలిసేది, వెంటిలేషన్ కోసం పెట్టిన 84 హోల్స్‌నీ ఒకే స్కెచ్‌లో 84 వృత్తాలుగా గీసి, ఒక్కోదానికీ విడివిడిగా కొలతలిచ్చారని. ఒక హోల్ చేసి, దాన్నే వరసగా తిరిగి వేసే ప్యాటర్న్ పెట్టే పని అది. అన్నిటి చివర వేయాల్సిన ఫిల్లెట్లు (అంచుల్ని గుండ్రంగా చేసేవి) మూడో ఫీచర్‌లోనే వేసేశారు, ఇక కిందివన్నీ ఆ గుండ్రటి అంచుల్ని పట్టుకుని వేలాడుతుంటే, పైన ఒక్క కొలత కదిలిందంటే కింద వరసగా ఎర్ర పేర్లే. ఎవరికీ కనపడని బోల్టుకి హెలిక్స్ (స్ప్రింగు లాంటి గీత) చుట్టి మరీ మరలు చెక్కారు. స్కెచ్‌లో గీతలింకా నీలంగానే ఉన్నాయి. కొలతలూ కట్టుబాట్లూ పూర్తయితే అవి నల్లబడాలి. ఆరిజిన్‌కి, అంటే సున్నా బిందువుకి, ముడివేయని ఆ బ్రాకెట్‌కి మౌస్ తగిలితే చాలు, పక్క జిల్లాలో తేలుతుంది. ఇక ఫీచర్ల పేర్లు: ఎక్స్‌ట్రూడ్ 1 నుంచి ఎక్స్‌ట్రూడ్ 57 దాకా. మోటారు మౌంటింగ్ ముఖం ఏది బాబూ అంటే "నలభై మూడు గానీ, నలభై నాలుగు గానీ" అని సమాధానం. కాపీ తీస్తే ఈ రోగాలన్నీ కాపీలోకీ వస్తాయి. పాత హిస్టరీ ఒక్కటే రాదు.

అప్పటికీ కదలకపోతే నెట్‌ని తిడతారు. లెక్కలు సర్వర్లో జరిగినా, తెరమీద బొమ్మని తిప్పేది మన ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ కార్డే. క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపేసి ఉంటే ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. రెండు కార్డులున్న ల్యాప్‌టాప్ అయితే, విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్‌లోకి వెళ్లి బ్రౌజర్‌కి హై పెర్ఫార్మెన్స్ అని చెప్పాలి. రెండు నిమిషాల పని. బ్రాడ్‌బ్యాండ్ వాడికి ఫోన్ చేసి అరవడానికి అరగంట పడుతుంది, ఎక్కువమంది ఇష్టపడేది అదే.

ఈ వ్రతానికి ఫలశ్రుతి సోమవారం డిజైన్ రివ్యూ కాల్‌లో వినాలి. ఆరుగురుంటారు.

"అందరూ బ్రాకెట్ ఓపెన్ చేశారా?"

"చేశాం సార్."

"హోల్ ఎంతుంది?"

"తొమ్మిది సార్."

"పదకొండు సార్."

"నా దాంట్లో హోలే లేదు సార్."

"నువ్వేది ఓపెన్ చేశావు?"

"ఇదే వాడండి అని ఉన్నది సార్."

"అది వాడకూడదు కదా."

"పేరులోనే వాడండి అని ఉంది సార్."

ఆరుగురూ ఒకే డాక్యుమెంట్‌లోకి వచ్చి ఒకేసారి పని చేసుకునే వీలున్న సాఫ్ట్‌వేర్ ఇది. పైనున్న పక్కవాడి గుర్తు నొక్కితే అతను చూస్తున్నదే మనకీ కనిపిస్తుంది. కానీ అక్కడ జరిగేది వేరు. ఒకాయన తన తెరని ఫోన్‌తో ఫొటో తీసి, హోల్ చుట్టూ ఎర్రసున్నా చుట్టి గ్రూపులో పెడతాడు. ఫొటోలో కిటికీ వెలుతురు పడి కొలత కనపడదు. ఇంకొకాయన తన కాపీలోంచి స్క్రీన్‌షాట్ పెడతాడు. పర్చేజ్ ఆయనకి క్యాడ్ లాగిన్ లేదు, కిందటి నెల వచ్చిన పీడీఎఫ్ తెరుచుకుని "నాకు ఏడు కనపడుతోందండీ" అంటాడు. ఆ ఏడు హోల్ వ్యాసం కాదు, షీట్ నంబరు అని తేలడానికి పావుగంట. ఇంతలో ఎవరో బుద్ధిమంతుడు హిస్టరీ చూద్దామా అంటాడు. మైకు మ్యూట్‌లో ఉంది గనక ఎవరికీ వినపడదు. చివరికి మేనేజరు గొంతు సవరించుకుని తీర్పు చెబుతాడు: "ఇలా కాదు గానీ, వీటన్నిట్లో బాగున్నవి చూసి కొత్తగా ఒక కాపీ తీయండి. అదే ఫైనల్."

మధ్యలో చిన్న మాట. ఇదంతా ఉచిత ఖాతాలో నడిపే ఆఫీసులూ ఉన్నాయి. ఆన్‌షేప్ ఉచిత ప్లాన్ వ్యాపారానికి కాదు, పైగా అందులోని డాక్యుమెంట్లు బహిరంగం, ఎవరైనా చూడొచ్చు, కాపీ తీసుకోవచ్చు. ఆరు నెలలు పెట్టుబడి పెట్టిన క్లయింటు బ్రాకెట్ అలా లోకం ముందు నిలబడి ఉంటుంది. ఏది అసలుదో తీసుకున్నవాడికీ తెలియదన్నదే దానికున్న భద్రత.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. ఇక్కడి నుంచి రేకు ఖర్చవుతుంది.

వంచకముందు రేకు ఆకారాన్ని (ఫ్లాట్ ప్యాటర్న్‌ని) డీఎక్స్ఎఫ్ అనే డ్రాయింగ్ ఫైలుగా ఎగుమతి చేసి, వాట్సాప్‌లో హైదరాబాద్ బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో ఉన్న లేజర్ కటింగ్ షాపుకి పంపుతారు. ఎగుమతి అంగుళాల్లో చేసి, అవతల మిల్లీమీటర్లుగా చదివితే 100 మి.మీ. బ్రాకెట్ 3.94 మి.మీ. అవుతుంది. చిటికెన వేలి గోరంత బ్రాకెట్‌ని చూసి ఆపరేటర్ నవ్వి, ఫోన్ చేసి, 25.4తో పెంచుకుని కోస్తాడు. ఆ తప్పు కంటికి కనపడుతుంది. 9 ఉండాలా 11 ఉండాలా అన్నది కనపడదు. 9 అంటే ఎం8 బోల్టు వదులుగా దూరడానికి మామూలుగా ఇచ్చే క్లియరెన్స్ హోలే, అందులో అనుమానించడానికి ఏముంది? ఆపరేటర్ పంపింది పంపినట్టు కోశాడు. 40 బ్రాకెట్లు, ఒక్కోదానికి 4 హోల్స్. బెండింగ్ అయింది, పౌడర్ కోటింగ్ అయింది, సైట్‌కి చేరాక ఎం10 బోల్టు దూరలేదు.

అప్పుడు 160 హోల్స్ పిల్లర్ డ్రిల్లింగ్ మెషీన్ మీద 11కి పెంచాలి. వంచిన ముక్క బల్ల మీద సరిగ్గా కూర్చోదు, ప్రతిదానికీ కింద దిమ్మ పెట్టి బిగించాలి. బిట్ తగిలిన చోటల్లా కోటింగ్ పెచ్చులూడి ఇనుము బయటపడుతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. దీనికి డెబిట్ నోట్, అంటే నష్టం వసూలు చీటీ, ఎవరి పేరు మీద వచ్చింది? షాపు పేరు మీద. షాపు ఓనరు ఎవరి జీతంలో కోశాడు? ఆపరేటర్ జీతంలో. కాపీలోంచి డీఎక్స్ఎఫ్ పంపిన పెద్దమనిషి ఎక్కడున్నాడు? "వెండార్ క్వాలిటీ పడిపోయింది" అని మెయిలు రాస్తున్నాడు.

సిగ్గుండాలి. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనే ఉండేది, దాని స్థానంలో వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఉంది, నష్టం నేరుగా కార్మికుడి నిర్లక్ష్యం వల్ల జరిగితేనే కోత వేయాలని, అదీ అతని సంజాయిషీ విన్నాకేనని. ఇక్కడ నిర్లక్ష్యం ఎవరిది? ఫైలు పేరులో ఎన్నో సవరణో చెప్పే రివిజన్ అక్షరం పెట్టడానికి మీకేం ఖర్చు? వెర్షన్‌లోంచే డీఎక్స్ఎఫ్ తీసి పంపడానికి ఏం ఖర్చు? పార్ట్ నంబరూ రివిజనూ రేకు మీదే లేజర్‌తో గీయించడానికి ముక్కకి కొన్ని సెకన్లు పడుతుంది. వంద తెలివితేటలు ఉపయోగించి ఒక్క కాపీ తీయగలిగినవాళ్లకి ఈ ఒక్కటీ తట్టదు. తట్టదా, తట్టనివ్వరా? కాపీకి గతం లేదని ముందే అనుకున్నాం. 9ని 11 చేయాల్సినవాడు ఎవడో, చేయనివాడు ఎవడో, మార్చని కాపీలోంచి పంపినవాడు ఎవడో, ఏడు డాక్యుమెంట్లలో వెతికి ఎవరూ తేల్చరు. ఆ సౌకర్యం కోసమే కాపీ అంటే ఇంత ప్రేమ.

డెబిట్ నోట్ మీద సంతకం పెట్టే ముందు మొదటి డాక్యుమెంట్ తెరిచి, ఎడమవైపు హిస్టరీ ప్యానెల్ నొక్కండి. ప్రతి వరుస పక్కనా ఒక పేరూ ఒక సమయమూ ఉంటాయి. ఆ పేర్లలో డ్రిల్లింగ్ మెషీన్ ముందు నిలబడ్డవాడి పేరు ఒక్కచోట కూడా ఉండదు. అతనికి లాగిన్ కూడా లేదు.