రాంగ్ రూట్‌లో వెళ్లిన బండే కొలబద్దా?

ఆర్డర్ పెట్టిన ‘పది నిమిషాల్లో’ సరుకులు ఇంటికి తెస్తామన్న డెలివరీ యాప్‌ల మాట పోయింది. 2025 డిసెంబరు 25, 31 తేదీల్లో డెలివరీ కార్మికులు సమ్మెకు దిగారు. 2026 జనవరిలో కేంద్ర కార్మిక మంత్రి మన్‌సుఖ్ మాండవీయ సంస్థలను పిలిచి మాట్లాడారు. బ్లింకిట్ తన నినాదం మార్చుకుంది. మారింది బోర్డు మాత్రమే. ఆ బోర్డు వెనక ఏ పనికి ఎన్ని నిమిషాలు కట్టారో, ఎలా కట్టారో బండి నడిపేవాడికి ఇప్పటికీ తెలియదు.

ఒక పనికి ఎంత సమయం ఇవ్వాలో తేల్చే పద్ధతి ఫ్యాక్టరీల్లో వందేళ్లకు పైగా ఉంది. పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కను స్టాప్‌వాచ్ పెట్టి చాలాసార్లు కొలుస్తారు. అసలు మెట్టు ఆ తర్వాతే వస్తుంది. కొలిచినప్పుడు ఆ మనిషి మామూలుగా చేశాడా, ఉరుకులు పెట్టాడా అని చూసి రేటింగ్ వేస్తారు. మామూలు వేగం 100. ఎవరైనా 120 వేగంతో ఐదు నిమిషాల్లో ముగిస్తే, అది ఆరు నిమిషాల పని అని రాసుకుంటారు. దాని మీద సొంత అవసరాలకు 5 శాతం, అలసటకు 4 శాతం కలపడం సాధారణం. ఎండ, బరువు, రొద ఉంటే ఇంకా కలుపుతారు. అప్పుడా ఐదు నిమిషాలు ఆరున్నర దాటతాయి. ఇంత పద్ధతి ఉన్నా 1911లో అమెరికాలోని వాటర్‌టౌన్ ఆయుధాగారంలో స్టాప్‌వాచ్ చూసి కార్మికులు పని మానేశారు. తర్వాత అక్కడి చట్టసభ ప్రభుత్వ కర్మాగారాల్లో ఆ గడియారానికి నిధులు ఆపింది.

యాప్‌లో ఆ గడియారం కనిపించదు. గతంలో జరిగిన డెలివరీల రికార్డు నుంచి అంచనా సమయం పుడుతుంది. ఆ రికార్డులో ఎవరు ఎలా నడిపారో చూసి రేటింగ్ వేసే మనిషి లేడు. హైదరాబాద్‌లో చాలా కూడళ్లు మూసేసి యూటర్నులు పెట్టారు. యూటర్న్ 600 మీటర్ల అవతల ఉంటే పోనురాను 1.2 కిలోమీటర్లు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో అది మూడున్నర నిమిషాల పైమాటే. ఒకడు రాంగ్ రూట్‌లో దూరి ఆ మూడున్నర నిమిషాలు మిగిలిస్తే, రికార్డుకెక్కేది ఆ మిగులే. నలుగురు అలాగే వెళ్తే అదే సగటు. చట్టం ప్రకారం చుట్టూ తిరిగి వచ్చిన ఐదోవాడు లేటు. తప్పుగా నడిపిన బండి అందరికీ కొలబద్ద అయ్యేది ఇలాగే.

డార్క్ స్టోర్లు, అంటే ఆన్‌లైన్ ఆర్డర్ల కోసమే సరుకు నిల్వ ఉంచే గోదాములు, దగ్గర్లోనే ఉంటాయనీ, రెండు కిలోమీటర్ల లోపు దూరానికి సుమారు ఎనిమిది నిమిషాలంటే సగటున గంటకు 15 కిలోమీటర్లేననీ, కస్టమర్‌కు ఇచ్చిన గడువు రైడర్‌కు కనిపించదనీ బ్లింకిట్ మాతృసంస్థ ఎటర్నల్ వ్యవస్థాపకుడు దీపిందర్ గోయల్ వాదించారు. సరే, ఆ లెక్కే వేద్దాం. ఎనిమిది నిమిషాలూ బండి చక్రం తిరుగుతూ ఉంటేనే 15 కిలోమీటర్లు. కొండాపూర్‌లో గేటెడ్ కమ్యూనిటీ ముందు వాచ్‌మన్ ఇంటికి ఫోన్ చేసి అనుమతి తీసుకోవాలి, బండి బయట పెట్టాలి, సర్వీస్ లిఫ్టు దిగి వచ్చేదాకా నిలబడాలి, పద్నాలుగో అంతస్తులో తలుపు తీసేదాకా ఆగాలి. వీటికి మూడు నిమిషాలు పోతే రోడ్డుకు మిగిలేది ఐదు. ఐదు నిమిషాల్లో రెండు కిలోమీటర్లంటే సిగ్నళ్లతో కలిపి గంటకు సగటున 24 కిలోమీటర్లు. సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతి నిమిషానికీ మిగతా దూరంలో వేగం పెంచాల్సిందే. గడువు కనిపించనంత మాత్రాన ఒత్తిడి ఉండదా? ఇన్సెంటివ్ ఆర్డర్ల సంఖ్య మీద ఉన్నప్పుడు, గేటు దగ్గర పోయిన నిమిషం ఎవరి జేబులోంచి పోతుంది?

సామాజిక భద్రత నియమావళి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. సంస్థల టర్నోవరులో 1 నుంచి 2 శాతం కార్మికుల నిధికి వస్తుంది. మంచిదే. కాళ్లు విరిగాక ఆదుకునే డబ్బు అది. కాళ్లు విరగ్గొట్టే సమయం లెక్కను అది ముట్టుకోదు. కార్మికుల కోసం చట్టం చేస్తామంటూ 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బయటపెట్టిన తెలంగాణ ఈ లెక్కను నిబంధనల్లోకి తేవాలి. స్టోర్‌లో నిరీక్షణ, రోడ్డు, గేటు నుంచి తలుపు దాకా అని మూడింటినీ విడివిడిగా కొలిచి చూపించమనాలి. రోడ్డు సమయం యూటర్న్‌తో సహా చట్టబద్ధమైన దారి మీదే కట్టాలి. రాంగ్ రూట్ ట్రిప్పులను లెక్కలోంచి తీసేయాలి. బండి ఎటు కదిలిందో జీపీఎస్ చెబుతుంది కాబట్టి అది సంస్థలకు చేతకాని పని కాదు. మే నెల ఎండకూ, వాన నీళ్లు నిలిచిన రోడ్డుకూ అదనపు సమయం ఎంతో రాసి చూపాలి.

రాంగ్ రూట్‌లో పట్టుకుంటే పోలీసు చలానా రాసేది రైడర్ పేరు మీదే. ఆ ట్రిప్పునే సగటులో కలుపుకుని రేపటి గడువు కడుతున్న సంస్థను ఒక్క అధికారీ పిలిచి అడగడు. నినాదం మార్పించి చేతులు దులుపుకున్న మంత్రిత్వ శాఖ మొదట ఆ లెక్క పుస్తకం తెప్పించి చూడాలి.