అర్ధరాత్రి గొడుగు

అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడని మన పెద్దలు వెక్కిరించారు. పాపం, ఆ పెద్దలెవరూ అమెరికాలో షాపు లీజు మీద సంతకం పెట్టి ఎరగరు. అక్కడ గొడుగు పట్టమనేది అల్పుడు కాదు, బిల్డింగు ఓనరు. లీజు అడుగున ఎక్కడో “అద్దెకున్నవారు 5 మిలియన్ డాలర్ల కమర్షియల్ అంబ్రెల్లా లయబిలిటీ పాలసీ కలిగి ఉండవలెను” అని ఒక ముక్క ఉంటుంది. లయబిలిటీ అంటే మన వల్ల ఇతరులకు జరిగిన నష్టం కట్టే బాధ్యత; అంబ్రెల్లా అంటే దానికి మామూలు బీమాలు చాలనప్పుడు పైన పట్టే గొడుగు పాలసీ. మన వ్యాపారి ఏజెంటుకి ఫోన్ కొడతాడు. సాయంత్రానికల్లా సర్టిఫికెట్ వచ్చేస్తుంది. ఓనరు దాన్ని ఫైల్లో పెట్టుకుంటాడు. అందరూ సుఖంగా నిద్రపోతారు. వాన సంగతి ఈ మొత్తం వ్యవహారంలో ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరమూ రాలేదు.

దీన్ని కొందరు తప్పు పడుతున్నారు. పాలసీ చదవకుండా ప్రీమియం కట్టడం తెలివితక్కువ పనట. నేను ఆ వర్గం వాణ్ణి కాను. పాలసీ చదవకపోవడం వ్యాపారస్తుడి జన్మహక్కు, మనశ్శాంతికి మూలస్తంభం అని నా నిశ్చితాభిప్రాయం. అయితే ఒక విషయాన్ని చదవొద్దని చెప్పాలంటే ఎవరో ఒకరు చదివి ఉండాలి కదా. ప్రజాహితం కోరి ఆ పాపం నేను మూటగట్టుకున్నాను.

ముందుగా ఆ సర్టిఫికెట్టుకి ఒక నమస్కారం. దాని పేరు అకార్డ్ 25, ఒంటి పేజీ ఫారం. “ఇది కేవలం సమాచారం కోసం ఇచ్చినది, దీనివల్ల పుచ్చుకున్నవారికి ఏ హక్కులూ సంక్రమించవు” అని పైభాగంలోనే పెద్దక్షరాల్లో అచ్చేసి ఉంటుంది. తన వల్ల ఏమీ ఒరగదని నెత్తిన రాసుకుని తిరిగే కాగితం ఇదొక్కటే. అయినా లీజుకి అదే కావాలి, కాంట్రాక్టుకి అదే కావాలి. దాని మధ్యలో అంబ్రెల్లా, ఎక్సెస్ అని రెండు బుల్లి గళ్లుంటాయి. పక్కన అకరెన్స్ (ఘటన జరిగిన తేదీ లెక్క), క్లెయిమ్స్ మేడ్ (క్లెయిమ్ వచ్చిన తేదీ లెక్క) అని ఇంకో రెండు, కింద మన జేబులోంచి పోవాల్సిన మొత్తానికి డిడక్టిబుల్, రిటెన్షన్ అని మరో రెండు. పేజీల కొద్దీ పాలసీ ఈ ఆరు గళ్లలో ఇమిడిపోతుంది. ఏ గడిలో టిక్కు పడిందన్నదాన్ని బట్టి ఒక మనిషి ఇల్లు ఉండొచ్చు, పోవచ్చు. ఆ టిక్కు వైపు చూసినవాణ్ణి మాత్రం నేనింతవరకు చూడలేదు.

ఇక అసలు పాలసీ. ఇది తనంతట తాను నిలబడేది కాదు. దీని కింద వేరే పాలసీలుండాలి: షాపులో ఎవరైనా దెబ్బతింటే ఆదుకునే జనరల్ లయబిలిటీ, వ్యాపార వాహనాల కమర్షియల్ ఆటో, పనిలో దెబ్బతిన్న ఉద్యోగుల కోసం తీసుకునే వర్కర్స్ కాంప్‌లో రెండో భాగంగా వచ్చే ఎంప్లాయర్స్ లయబిలిటీ (ఉద్యోగి యజమాని మీద కేసు వేస్తే పనికొచ్చేది). వాటి పేర్లు, నంబర్లు, లిమిట్లు (కంపెనీ కట్టే గరిష్ఠ మొత్తాలు) ‘షెడ్యూల్ ఆఫ్ అండర్‌లైయింగ్ ఇన్స్యూరెన్స్’ అనే పట్టికలో రాసుంటాయి. మామూలుగా జనరల్ లయబిలిటీకి ఒక్కో ఘటనకు 1 మిలియన్, ఏడాది మొత్తానికి 2 మిలియన్లు, ఆటోకి 1 మిలియన్. ఆ డబ్బు ఖర్చయ్యాకే గొడుగు తెరుచుకునేది. వ్యాను గుద్దిన కేసులో 3.5 మిలియన్ల తీర్పు వచ్చిందనుకోండి. ఆటో పాలసీ మొదటి మిలియన్ కడుతుంది. 2 మిలియన్ల అంబ్రెల్లా ఉంటే ఆ తర్వాతి 2 మిలియన్లు అది కడుతుంది. మిగిలిన అర మిలియన్ కట్టే మహద్భాగ్యం వ్యాపారిదే. ఇందులో దాపరికం ఏమీ లేదు, అంకెలన్నీ మొదటి పేజీలోనే ఉంటాయి. అందుకే ఎవరూ చూడరు.

మన మిత్రుడొకాయనకు డెలివరీ వ్యాన్లున్నాయి. పొదుపరి. ఏడాది మధ్యలో ఏజెంటుకి ఫోన్ చేశాడు.

“అన్నా, పైన అంబ్రెల్లా ఉందిగా. కింద ఆటో లిమిట్ సగానికి దించితే ప్రీమియం తగ్గుద్దా?”

“తగ్గుద్దండీ.”

“అయితే దించెయ్.”

ఏజెంటు అబద్ధం చెప్పలేదని గమనించాలి. ప్రశ్న ప్రీమియం గురించి, జవాబూ ప్రీమియం గురించే. ఆటో లిమిట్ 500,000కి దిగింది. అంబ్రెల్లా షెడ్యూల్లో మాత్రం అది 1 మిలియన్‌గానే ఉంది. ఆ పాలసీ వెనక పేజీల్లో ‘మెయింటెనెన్స్ ఆఫ్ అండర్‌లైయింగ్ ఇన్స్యూరెన్స్’ అని ఒక షరతు నక్కి ఉంటుంది. దాని సారాంశం ఇదీ: కింది పాలసీని నువ్వు తగ్గించుకున్నా, రద్దు చేసుకున్నా, కట్టడం మరిచిపోయినా మాకు అభ్యంతరం లేదు, అది పూర్తిగా ఉన్నట్టే మేం లెక్కేసుకుంటాం. ఇప్పుడు 800,000 డాలర్ల క్లెయిమ్ వచ్చిందనుకుందాం. ఆటో కంపెనీ 500,000 ఇచ్చి చేతులు దులుపుకుంటుంది. అంబ్రెల్లా కంపెనీ “మిలియన్ దాటాక పిలవండి” అంటుంది. మధ్యలో 300,000 అనాథలా నిలబడి మన మిత్రుడి జేబు వైపు చూస్తుంది. ఉన్నదాన్ని లేదనడం మన వేదాంతులకు చేతనైంది. లేనిదాన్ని ఉందనుకుని అణాపైసలతో లెక్కగట్టడం మాత్రం బీమా కంపెనీలకే చెల్లింది.

తారీఖులదీ ఇదే తంతు. ఆటో పాలసీ జనవరిలో, జనరల్ లయబిలిటీ ఏప్రిల్లో, అంబ్రెల్లా జూలైలో రెన్యూవల్ అవుతుంటే ఏడాది మొత్తానికున్న లిమిట్ ఎవరి లెక్కలో ఎంత కరిగిందో తేల్చడానికి లాయర్లు కావాలి. లాయర్లకు గంట లెక్కన బిల్లు. మూడింటికీ ఒకే తారీఖు పెట్టించుకుంటే పోతుంది కానీ, అంత సులువైన పనిని ఎవరు మాత్రం చేస్తారు?

అంబ్రెల్లాకీ ఎక్సెస్‌కీ తేడా ఏమిటని ఇప్పటికి ఏ పాఠకుడికైనా అనుమానం వచ్చి ఉంటే అది ఆరోగ్యానికి మంచిది కాదు. అయినా చెబుతాను. ఎక్సెస్ పాలసీ సాధారణంగా కింది పాలసీ అడుగుజాడల్లో నడిచే పతివ్రత. కింద కాదన్నది పైనా కాదు. దీన్నే ఫాలో ఫామ్ అంటారు. నిఖార్సయిన అంబ్రెల్లా మాత్రం కింది పాలసీ కవర్ చేయని కొన్ని సంగతుల్లో కూడా కిందికి దిగి వస్తుంది. దాని పేరు డ్రాప్ డౌన్. ఊరికే దిగి రాదు, ముందు దక్షిణ చెల్లించుకోవాలి. దాన్ని సెల్ఫ్ ఇన్స్యూర్డ్ రిటెన్షన్ అంటారు, చిన్న వ్యాపారాల్లో తరచుగా కనిపించే అంకె 10,000 డాలర్లు. కింది పాలసీ ఏడాది లిమిట్ మొత్తం క్లెయిములకే ఖర్చయిపోయినా దిగి వస్తుంది. అదే కింది బీమా కంపెనీ దివాళా తీసి డబ్బు లేదందనుకోండి, సాధారణంగా దిగదు. ఖర్చయి లేకపోవడం వేరు, ఎత్తేసి లేకపోవడం వేరు. ఇంత సూక్ష్మమైన తర్కం మన శాస్త్ర చర్చల్లో కూడా అరుదు. దీనికి తోడు, పైన అంబ్రెల్లా అని బోర్డు పెట్టుకుని లోపల ఎక్సెస్ గుణాలతో కాపురం చేసే పాలసీలు బజార్లో బోలెడు.

ఈ పాలసీ ఎవరిని కాపాడుతుందన్నది ఇంకా పసందైన విషయం. మన వాళ్లకు ఎల్ఎల్‌సీలంటే, అంటే సొంత ఆస్తికి వ్యాపారం సెగ తగలకుండా పెట్టుకునే చిన్న కంపెనీలంటే, వల్లమాలిన ప్రేమ. మోటెల్ స్థలం పెద్దమ్మాయి పేరు పెట్టిన ఎల్ఎల్‌సీది. దాన్ని నడిపేది చిన్నమ్మాయి పేరు పెట్టిన ఎల్ఎల్‌సీ. ఎయిర్‌పోర్టుకి తిప్పే వ్యాను బావమరిది పోయినేడు రిజిస్టర్ చేయించిన ఇంకో ఎల్ఎల్‌సీది. అంబ్రెల్లా డిక్లరేషన్స్ పేజీలో ‘నేమ్‌డ్ ఇన్స్యూర్డ్’, అంటే బీమా ఎవరి పేరున ఉందో రాసేచోట మాత్రం పెద్దమ్మాయి ఒక్కతే ఉంటుంది. ఎవరైనా జారిపడి కేసు వేస్తే కోర్టు కాగితాలు ముగ్గురికీ వస్తాయి. అవతలి లాయరుకు పక్షపాతం ఉండదు. బీమా కంపెనీకి ఉంటుంది.

మినహాయింపుల జోలికి వెళ్లొద్దని నా సలహా. వెళ్తే తిరిగి రావడం కష్టం. వృత్తిపరమైన పొరపాట్లు, ఉద్యోగిని అన్యాయంగా తీసేశారన్న ఫిర్యాదులు, సైబర్ దాడులు, మీ సొంత ఆస్తికి నష్టం, మీరు కావాలని చేసిన హాని, వీటిలో వేటికీ గొడుగు అడ్డం పట్టదు. వాటికి విడివిడి పాలసీలున్నాయి, వాటికీ విడివిడి మినహాయింపులున్నాయి. కాలుష్యాన్ని జనరల్ లయబిలిటీ ప్రామాణిక ఫారం నుంచి 1986లో దాదాపు పూర్తిగా గెంటేశారు, అంబ్రెల్లాలూ అదే బాట పట్టాయి. 2020 దెబ్బకు అంటువ్యాధుల మినహాయింపు చాలా పాలసీల్లో వచ్చి కూర్చుంది. బార్లు, మోటెళ్ల పాలసీల్లో ‘అసాల్ట్ అండ్ బ్యాటరీ’ మినహాయింపు వెతికి చూడండి. పార్కింగ్ లాట్‌లో కొట్లాటలు జరిగే అవకాశం ఉన్న వ్యాపారానికే ఆ కొట్లాట వర్తించదని రాసిచ్చే దూరదృష్టికి జోహార్లు. కొన్నిచోట్ల మినహాయింపు చివర “కింది పాలసీలో ఈ కవరేజీ ఉన్న మేరకు ఇది వర్తించదు” అని ఒక తోక ఉంటుంది. ఆ తోక ఉందా లేదా అన్నదే కొన్నిసార్లు మొత్తం కేసు.

న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో ఇంకో ముచ్చట. తప్పు చేసినవాడికి బుద్ధి రావాలని జ్యూరీ వేసే ప్యూనిటివ్ డ్యామేజీలను అక్కడ బీమాతో కట్టించడం కుదరదు. గొడుగు ఎంత పెద్దదైనా ఆ భాగం మీ సొంతం. శిక్ష అన్నాక అనుభవించాల్సిందే కదా, దీన్ని మాత్రం నేను వెక్కిరించను.

కింది పాలసీ ‘ఖర్చయింది’ అని ఎప్పుడు అనాలి? చంటిపిల్లాడైనా చెబుతాడనుకుంటాం. 1928లో జీగ్ వర్సెస్ మసాచుసెట్స్ బాండింగ్ కేసులో ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు, కింది కంపెనీలతో తక్కువకు రాజీ పడినా పర్వాలేదు, నష్టం ఆ లిమిట్ దాటితే పై పాలసీ కంపెనీ తన వంతు కట్టాలంది. 80 ఏళ్లు గడిచాయి. 2008లో క్వాల్‌కామ్ కేసులో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు, మీ పాలసీ మాటల ప్రకారం కింది కంపెనీ పూర్తి లిమిట్ కడితేనే పైవాడి వంతు వస్తుంది, మీరు తక్కువకు ఒప్పుకున్నారు కాబట్టి దండం అంది. కాబట్టి కింది కంపెనీ “ఎనభై శాతం ఇస్తాం, గొడవ ముగిద్దాం” అని తేనె పలుకులు పలికితే ఉదారంగా తలూపే ముందు పై పాలసీలో ఆ ఒక్క వాక్యం చూసుకోవాలి. చూసుకోరనుకోండి. రాజీ అనేసరికి మనకు కళ్లు చెమరుస్తాయి.

ఇంత తతంగం ఎందుకు, చట్టం చెప్పినంత బీమా తీసుకుంటే చాలదా అని ట్రక్కులవాళ్లు అడుగుతారు. భేషుగ్గా తీసుకోవచ్చు. రాష్ట్రాలు దాటి మామూలు సరుకు బాడుగకు తోలే పెద్ద ట్రక్కుకి ఫెడరల్ నిబంధన ప్రకారం కనీస బీమా 750,000 డాలర్లు. 1980 నాటి చట్టంతో వచ్చిన అంకె అది. డీజిల్ ధర మారింది, ఆస్పత్రి బిల్లు మారింది, ట్రక్కే మారిపోయింది, అంకె మాత్రం పట్టిన పట్టు విడవలేదు. ఈలోగా 10 మిలియన్లు దాటిన తీర్పులకు ‘న్యూక్లియర్ వర్డిక్ట్’ అని బారసాల కూడా చేశారు. టెక్సస్‌లో మంచు రోడ్డు మీద జరిగిన ఒక ట్రక్కు ప్రమాదం కేసులో 2018లో జ్యూరీ 89 మిలియన్ డాలర్ల పైచిలుకు తీర్పిచ్చింది. ఒక పసివాడి ప్రాణం పోయిన కేసు అది, దాని మీద హాస్యం ఆడలేం. 2025లో ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు తీర్పును కొట్టేసింది. ఆ ఏడేళ్లూ రెండు పక్షాల లాయర్లూ పని చేస్తూనే ఉన్నారు. చిన్న ట్రక్కు కంపెనీ అయితే పై కోర్టు మెట్లెక్కేదాకా బతికి ఉంటుందా అన్నది లెక్కలు తెలిసినవాళ్లు చెప్పాలి.

ప్రమాదం జరగ్గానే కబురు పంపడం ఇంకో షరతు. మనవాళ్లు ఆటో కంపెనీకి ఆ రాత్రే ఫోన్ చేస్తారు. చిన్న దెబ్బలే కదా, పైవాళ్లనెందుకు నిద్రలేపడం అని అంబ్రెల్లా కంపెనీని మాత్రం వదిలేస్తారు. ఆ చిన్న దెబ్బ వెన్నెముక సర్జరీగా ఎదిగి, అవతలి లాయరు నుంచి మిలియన్ దాటిన డిమాండ్ లెటర్ వచ్చాక అప్పుడు గుర్తొస్తారు. ఆలస్యం వల్ల తమకు నష్టం జరిగిందని బీమా కంపెనీయే చూపించాలని చాలా రాష్ట్రాల కోర్టులు అంటాయి కాబట్టి ఆశ పూర్తిగా పోదు. ఆ ఆశ మీద బతకాలి.

మూడో పాలసీ మాట మిగిలిపోయింది. వర్కర్స్ కాంప్ తీసుకుంటే ఎంప్లాయర్స్ లయబిలిటీ దానితోపాటే వచ్చేస్తుంది కనుక దాని లిమిట్లు ఎవరూ అడగరు. అడగకపోతే వచ్చేది ప్రాథమిక లిమిట్: ప్రమాదానికి 100,000, జబ్బులకు పాలసీ మొత్తం మీద 500,000, ఒక్కో ఉద్యోగి జబ్బుకు 100,000. అంబ్రెల్లా కంపెనీలేమో సాధారణంగా మూడుచోట్లా 500,000 ఉండాలంటాయి. పెంచుకోవడానికి అయ్యే అదనపు ప్రీమియం కూడా పెద్దదేం కాదు. పెంచుకోకపోతే మధ్యలో మిగిలే 400,000 ఎవరు కట్టాలని ఏజెంటును అడిగి చూడండి. “మీరేనండీ” అంటాడు. ఆ ‘అండీ’కి మాత్రం ప్రీమియం ఉండదు.