ఏ రేంజ్‌లో చూపించమంటారు?

ఆ తాడు బొటనవేలంత మందం ఉంటుంది. ఎర్ర మఖ్మల్ చుట్టి, రెండు ఇత్తడి స్తంభాల మధ్య తొడల ఎత్తులో వేలాడదీస్తారు. ఓ మోస్తరు మేకపిల్ల కూడా ఎగిరి దాటేస్తుంది. కానీ లక్ష్మణుడు గీసిన గీతకైనా ఇంత మహిమ లేదు. తాడుకి అవతల మిలమిల మెరిసే కొత్త విమానం. ఇవతల నేను. మధ్యలో చెవిలో బ్లూటూత్, చేతిలో ట్యాబ్ పెట్టుకుని ఓ పాతికేళ్ళ కుర్రాడు. గీత దగ్గరికొచ్చిన రావణుడి చేతిలో కనీసం భిక్షాపాత్ర ఉంది. నా జేబులో ఉన్నదల్లా ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చుకున్న ఒక పగిలిన రబ్బరు రింగు.

కుర్రాడు నా మొహం చూడలేదు. బూట్లు చూశాడు. చూసి, నా భుజం మీదుగా వెనకెవరైనా డబ్బున్నవాడు వస్తున్నాడేమోనని వెతికాడు.

ఇది జరిగింది అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఓష్‌కోష్ ఊళ్ళో. ఏటా జులై ఆఖర్లో వారం పాటు అక్కడ విమానాల తిరునాళ్ళు జరుగుతాయి. దాదాపు పదివేల విమానాలు దిగుతాయి, ఆరు లక్షలకు పైగా జనం వస్తారు. మేడారం జాతరకి ఎడ్లబండ్ల బదులు రెక్కలబండ్లు కట్టుకొస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. షికాగో చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్ళం నలుగురం వాటాలేసుకుని, 1970ల్లో తయారైన నాలుగు సీట్ల విమానం ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. దాన్ని తయారుచేసిన కంపెనీ పేరు చెప్పను. చెబితే లాయర్ నోటీసు వారంలో వస్తుంది, విడిభాగం మాత్రం రాదు.

ఓష్‌కోష్‌లో దిగడమే ఒక ముచ్చట. రిపన్ ఊరి దగ్గర్నుంచి రైలు పట్టాలు పట్టుకుని, 1,800 అడుగుల ఎత్తులో, 90 నాట్ల (గంటకి దాదాపు 167 కిలోమీటర్ల) వేగంతో, ఒకదాని వెనక ఒకటి చీమలబారులా రావాలి. దారిలో ఫిస్క్ అనే ఊరి దగ్గర కంట్రోలర్లు బైనాక్యులర్లతో ఆకాశంలోకి చూస్తూ ఉంటారు. గులాబీ రంగు చొక్కాలు వాళ్ళ యూనిఫాం. మనం నోరెత్తక్కర్లేదు. "తెల్ల విమానం, నీలం చారలు, రెక్కలు ఊపు" అంటారు. ఊపుతాం. "శభాష్, ఓష్‌కోష్‌కి స్వాగతం" అంటారు. రన్‌వే మీద రంగు చుక్కలుంటాయి, ఏ చుక్క మీద దిగాలో చెబుతారు. మా విమానం వయసెంతో, బ్యాంకులో మా బ్యాలెన్స్ ఎంతో అక్కడ ఎవరికీ పట్టదు. దిగాక రెక్క కిందే టెంటు వేసుకుని పడుకున్నాం. అంటే, ఆకాశంలో ఉన్నంతసేపూ మర్యాదే. కాలు నేల మీద పెట్టి, కంపెనీల పందిళ్ళ వైపు నడిచాకే నా అసలు కులమేమిటో తెలిసింది.

విమానాల కంపెనీల దృష్టిలో మానవజాతి మూడు వర్ణాలు. కొనబోయేవాడు, కొనలేనివాడు, కొనేసినవాడు. కొనబోయేవాడికి ఏసీ గుడారం, సోఫా, నిమ్మరసం, పైలట్ సీట్లో కూర్చోబెట్టి ఫొటో. కొనలేనివాడికి స్టిక్కర్. పాపం, వాడికి స్టిక్కరైనా ఇస్తారు. కొనేసినవాడికి వెబ్‌సైట్ అడ్రస్. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్న సామెత పుట్టినప్పుడు విమానాలు లేవు గానీ, పుట్టించినవాడికి ఈ వ్యాపారం ఆనుపానులన్నీ తెలుసు.

ట్యాబ్ కుర్రాడు చివరికి నన్నొక ప్రశ్న అడిగాడు. "ఎప్పటిలోగా కొనే ఉద్దేశం?" మూడే జవాబులున్నాయి: మూడు నెలల్లో, ఏడాదిలో, ఊరికే చూస్తున్నాను. "నేను మీ విమానమే నడుపుతున్నాను బాబూ" అన్నాను. ఆ జవాబుకి ట్యాబ్‌లో గడి లేదు. కుర్రాడు 'ఊరికే చూస్తున్నాను' నొక్కాడు. జేబులోంచి రింగు తీసి చూపించి, "పెట్రోలు ట్యాంకు మూతలో ఉండే రింగిది. పాత నంబరు మీ క్యాటలాగ్‌లోంచి తీసేశారు. కొత్త నంబరు ఏదో చెబితే చాలు" అన్నాను. చచ్చిన బల్లిని చూసినట్టు చూశాడు. "అది కస్టమర్ సపోర్ట్ సార్. వాళ్ళు షోకి రాలేదు" అన్నాడు.

షోకి రాలేదట! వాళ్ళ విమానాలున్నవాళ్ళు కొన్నివేలమంది ఏడాదికోసారి ఒక్కచోట చేరే వారం అది. ఆ వారమే సపోర్ట్ వాళ్ళు రాలేదు.

తాడు పట్టుకుని నిలబడ్డ ఆ ఐదు నిమిషాల్లో నాకు విజయవాడ బీసెంట్ రోడ్డు గుర్తొచ్చింది. అక్కడి చీరల కొట్లలో తెల్లటి పరుపు మీద కూర్చుని, మెడలో టేపు వేసుకుని ఉండే పెద్దాయనకి ఈ పందిరి అప్పగిస్తే ఎలా ఉంటుంది? నేనూ మా ఆవిడా అటు తలతిప్పామంటే చాలు.

"రండమ్మా, రండి. సార్, మీరు ఆ స్టూలు మీద కూర్చోండి. ఒరేయ్, సార్‌కి మజ్జిగ. చెప్పండమ్మా, ఏ రేంజ్‌లో చూపించమంటారు?"

"ఓ వెయ్యి మైళ్ళ రేంజ్‌లో చూపించండి."

"పెళ్ళికా అమ్మా, రోజువారీ వాడకానికా?"

"శని, ఆదివారాలకి."

అంతే. పై అరలోంచి ఒక విమానం లాగి పరుపు మీద దబ్బున పరుస్తాడు. రెక్క విప్పుతాడు. "అంచు చూడండమ్మా. పట్టుకుని చూడండి, పర్లేదు. ముట్టుకుంటేనే కదా తెలిసేది!" తాడూ లేదు, స్తంభమూ లేదు. మా ఆవిడ రెక్క అంచుని రెండు వేళ్ళ మధ్య నలిపి చూస్తుంది.

"రంగు పోతుందా?"

"మేఘాల్లో ముంచి తీసినా పోదమ్మా. నా గ్యారంటీ."

"ఇదే డిజైన్‌లో రామచిలుక ఆకుపచ్చ లేదా?"

"ఒరేయ్ చిన్నా, మేడ మీద గోడౌన్లో ఉంటుంది, రెండు పట్రా."

"జాకెట్టు గుడ్డ దీనికే ఉందా, విడిగా కొనాలా?"

"ప్యారాచూట్ అటాచ్డ్ అమ్మా." (ఇది వేళాకోళం కాదు. మొత్తం విమానాన్నే గాల్లోంచి మెల్లగా దించే ప్యారాచూట్ కొన్ని చిన్న విమానాలకి నిజంగానే ఉంటుంది.)

పద్నాలుగు విమానాలు ఒకదాని మీద ఒకటి పడ్డాక, మా ఆవిడ ముక్కు విరిచి, "బాగానే ఉంది గానీ, ఇలాంటిది మా వదినకి ఉంది" అంటుంది. ప్రపంచంలో ఏ సేల్స్ మేనేజర్ దగ్గరా దీనికి జవాబు ఉండదు. పెద్దాయన దగ్గర ఉంటుంది. "అదీ ఇదీ ఒకటేనా అమ్మా! అది పవర్‌లూమ్." మేం మళ్ళీ వస్తామని లేస్తాం. రామని ఆయనకీ తెలుసు. అయినా "దానికేముందమ్మా, చూసినందుకు డబ్బులా?" అంటూ పద్నాలుగు విమానాలూ మడతపెట్టుకుంటాడు. మెట్లు దిగుతుంటే వెనక నుంచి కేకేస్తాడు. "అమ్మా, పోయినేడు తీసుకెళ్ళిన విమానం మూత సరిగ్గా పడుతోందా? వదులైతే తీసుకురండి, ఊరికే వేయించి ఇస్తాం!"

రెండువేల రూపాయల చీరకి ఇంత మర్యాద. ఒంటి ఇంజన్ కొత్త విమానం ఇవాళ అన్ని హంగులతో మిలియన్ డాలర్ల పైన కూడా పలుకుతోంది. ఎనిమిది కోట్ల పైమాట. దానికేమో తాడు.

అమెరికావాళ్ళే ఇలా అనుకోకండి. 2024 జనవరిలో మన బేగంపేటలో వింగ్స్ ఇండియా అనే విమానాల ప్రదర్శన జరిగింది. ఎయిరిండియా కొత్త ఏ350 విమానాన్ని అక్కడే చూపించారు. బోయింగ్ తన 777-9ని తెచ్చింది. ఆకాశ ఎయిర్ 150 విమానాల ఆర్డరు ప్రకటించింది కూడా అక్కడే. అమీర్‌పేటలో ఉండే మా బాబాయి ముచ్చటపడి వెళ్ళాడు. ఒక స్టాల్లో ఎవరో విజిటింగ్ కార్డు అడిగితే లేదన్నాడు. పోనీ హోదా చెప్పమంటే "ఆర్టీసీ, రిటైర్డ్" అన్నాడట. బ్రోషర్ ఇవ్వబోయిన చెయ్యి అలాగే వెనక్కి పోయిందట. రాత్రి నాకు ఫోన్ చేసి, "ముప్పై రెండేండ్లు బస్సు నడిపిన్రా. ఎక్కేటోణ్ణి ఒక్కనాడన్న చెప్పులు చూసి ఎక్కించుకున్ననా?" అన్నాడు.

పెద్ద ఎయిర్‌లైన్స్ సంగతి వేరు. వాళ్ళు కొత్తల్లుళ్ళు. 2023 జూన్‌లో ప్యారిస్ విమానాల షోలో ఇండిగో ఒక్క దెబ్బకి 500 ఎయిర్‌బస్‌లు ఆర్డరిచ్చింది. సంతకాలు, కరచాలనాలు, చేతికో బొమ్మ విమానం. అల్లుడికి కూడా మూడో పండగ తర్వాత ఏం జరుగుతుందో అంతకు నెలన్నర ముందే తెలిసింది. పాడైన ఇంజన్లకి బదులు ఇంజన్లు సమయానికి రాలేదని మొత్తుకుంటూ గో ఫస్ట్ అనే మన ఎయిర్‌లైన్ దివాలా పిటిషన్ వేసింది.

ఇక అడ్వాన్సులు కట్టినవాళ్ళ కథ. 2007లో ఇదే ఓష్‌కోష్‌లో సెస్నా కంపెనీ వాళ్ళు స్కైక్యాచర్ అనే రెండు సీట్ల బుల్లి విమానాన్ని 1,09,500 డాలర్లకే ఇస్తామన్నారు. మధ్యతరగతివాడి విమానం వచ్చేసిందన్నారు. జనం ఎగబడి బుక్ చేశారు. నాలుగేళ్ళు తిరిగేసరికి ధర లక్షన్నర దగ్గరికి పాకింది. చివరికి అమ్ముడైనవి రెండొందల లోపే. మిగిలినవాటిని 2016లో తుక్కు కింద కొట్టేశారు. అదే 2007 షోలో ఎక్లిప్స్ అనే మరో కంపెనీ, అప్పటికే బుక్ చేసుకున్నవాళ్ళు జెట్‌ల కోసం క్యూలో ఉండగా, ఇంకో కొత్త మోడల్‌కి తెర తీసింది. మరుసటి ఏడాది నవంబరులో దివాలా. అడ్వాన్సు కట్టినవాళ్ళు అప్పులవాళ్ళ వరుసలో తోక దగ్గర నిలబడ్డారు. మన ఊళ్ళో చీటీలపాట ఎత్తేసినవాడు కనీసం రాత్రికి రాత్రి పారిపోతాడు. దీపాలు పెట్టి, బ్యాండు వాయించి కొత్త చీటీ మొదలుపెట్టడు.

సరే, ఇవన్నీ నవ్వుకుని వదిలేయొచ్చు. రింగు సంగతి మాత్రం నేను నవ్వి వదల్లేను.

ఓష్‌కోష్‌లో రెండో రాత్రి ఉరుములతో వాన పడింది. తెల్లారి రెక్క కింద ఉండే చిన్న వాల్వు నుంచి గాజులాంటి గొట్టంలోకి పెట్రోలు పట్టాను. ఎగిరే ముందు ప్రతిసారీ ఇలా పట్టి చూడాలి. మా విమానం తాగే పెట్రోలు లేత నీలం రంగులో ఉంటుంది. గొట్టం అడుగున మాత్రం ఏ రంగూ లేని బుడగ ఒకటి కదులుతోంది. నీళ్ళు. మూత రింగు పగిలితే వాన ట్యాంకులోకి దిగుతుంది. నీళ్ళు బరువు కాబట్టి అడుక్కి చేరతాయి. ఇంజన్ మొదట తాగేది ఆ అడుగుదే. సరిగ్గా నేల వదిలి రెండొందల అడుగులు లేచాక తాగితే, ముందు చెట్లు, వెనక్కి తిరగడానికి ఎత్తు చాలదు. ఆ సీట్లలో ఆ రోజు కూర్చోవాల్సింది నేను, నా పార్ట్‌నర్, వాళ్ళ పదేళ్ళ పాప. నేను అడిగింది కొత్త విమానం మీద డిస్కౌంటా? ఒక నంబరు! పది అంకెలు కూడా ఉండవు. ఆ నంబరు తెలియకుండా మా మెకానిక్ లాగ్‌బుక్‌లో సంతకం పెట్టడు, పెట్టకూడదు. అంత పెద్ద పందిట్లో, అన్ని సోఫాల మధ్య, ఆ ఒక్క ముక్క తెలిసినవాణ్ణి ఒక్కణ్ణి కూర్చోబెట్టడానికి స్టూలు దొరకలేదా మీకు?

దొరకదు. ఎందుకంటే 1994లో అమెరికాలో ఒక చట్టం చేశారు. చిన్న విమానం అమ్మి పద్ధెనిమిదేళ్ళు దాటితే, దాని లోపాల మీద తయారీదారుపై దావా వేయడానికి ఇంచుమించు దారి మూసేశారు. కేసుల భారంతో పరిశ్రమ చచ్చిపోతోందని చేసిన చట్టం. దానివల్ల ఆగిపోయిన ఫ్యాక్టరీలు తెరుచుకున్న మాటా నిజమే. కానీ వీళ్ళకి అర్థమైంది వేరు. పద్ధెనిమిది నిండాయంటే బిడ్డ మేజర్, ఇక వాడి జ్వరంతో మాకేం పని? అమెరికాలో ఎగిరే చిన్న విమానాల సగటు వయసు నలభై దాటింది. అంటే ఆకాశంలో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది అనాథలే.

రింగు చివరికి ఆ తిరునాళ్ళలోనే, పాత సామాన్లమ్మే ఫ్లై మార్కెట్‌లో దొరికింది. తగరపు డబ్బాలు ముందేసుకుని మడత కుర్చీలో కూర్చున్న ఓ ముసలాయన దాన్ని వేలికి తొడుక్కుని చూసి, ఏ మోడల్, ఏ ఏడాది అనడిగి, పది సెకన్లలో నంబరు చెప్పాడు. అది ఏ స్టాండర్డ్ ప్రకారం చేసిందో ఉన్న కాగితం కూడా తీసిచ్చాడు. నా బూట్లు ఆయనా చూశాడు. "నిన్న రాత్రి వానలో తడిశారా?" అనడిగాడు.

ఇంటికొచ్చిన వారానికి కంపెనీ నుంచి ఈమెయిల్. మా పందిరికి వచ్చినందుకు ధన్యవాదాలట. కింద మళ్ళీ అవే మూడు గడులు. ఈసారి 'మూడు నెలల్లో' నొక్కాను. బడ్జెట్ దగ్గర అన్నిటికన్నా పెద్ద అంకె నొక్కాను. నాలుగు నిమిషాల్లో ఫోన్ మోగింది. కుర్రాడి గొంతే. బూట్లు కనబడవు కాబట్టి వాక్యానికి రెండు 'సార్'లు పెడుతున్నాడు. పెట్రోలు మూత రింగు నంబరు అడిగాను. అది వేరే డిపార్ట్‌మెంట్ సార్, కనుక్కుంటాను సార్, ఇంతకీ డెమో ఫ్లైట్ శనివారం పెట్టుకుందామా సార్ అన్నాడు.

పెట్టుకుందాం, వాన లేకపోతే అన్నాను.