జాతిగుర్రం కాగితం గారికి ఓ లేఖ

మహారాజశ్రీ వంశావళి పత్రం గారికి,

నమస్కరించి రాసేది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. కాలవలకి నీళ్లొచ్చాయి, ఊడ్పులు సగం అయ్యాయి. మీ క్షేమం అడగక్కర్లేదు, రోజూ వంటింట్లో కనబడుతూనే ఉన్నారు. ఆ సంగతికి చివర్న వస్తాను.

మీరు పాలకొల్లు దగ్గర మా ఊరికి వచ్చి ఏడేళ్లు. రొయ్యల చెరువుల్లో వరసగా రెండు పంటలు కలిసొచ్చిన మా బాబాయి, పెళ్లిళ్లకి అద్దెకి తిప్పుదామని ఓ తెల్ల ఆడగుర్రాన్ని కొన్నాడు. కొన్నవాడు తిప్పుకుని ఊరుకోవచ్చుగా! "పిల్లని పుట్టిస్తే రెండవుతాయి కదరా" అన్నాడు. వెతగ్గా వెతగ్గా మార్వాడీ మగగుర్రం ఉన్న ఆసామి ఒకాయన దొరికాడు. ఆయన గుర్రం కంటే ముందు మిమ్మల్ని చూపించాడు. లామినేషన్ చేయించి, జీపులోంచి రెండు చేతులా తీసి ఇచ్చాడు. తండ్రి, తాత, ముత్తాత, ఎవరెంత ఎత్తు, ఎవరికి ఏ పోటీలో కప్పు వచ్చింది, అన్నీ ఉన్నాయి. మా ఇళ్లలో పెళ్లిసంబంధాలకి కూడా ఇంత పద్ధతిగా రాసిచ్చినవాళ్లు లేరు. పిన్ని మాత్రం అటూ ఇటూ తిప్పి చూసి, "అంతా మగాళ్లేనా? తల్లులు లేకుండానే పుట్టారా వీళ్లంతా?" అంది. ఎవరూ పట్టించుకోలేదు.

మా తప్పూ ఉందిలెండి. మేం విత్తనాన్ని నమ్మి బతికేవాళ్లం. మార్టేరు పరిశోధన కేంద్రం వాళ్లు 1982లో స్వర్ణ వరి ఇచ్చారు. వరి తన పూతతో తానే గింజ కట్టుకుంటుంది కాబట్టి, మన గాదెలోది మనం చల్లుకున్నా మళ్లీ స్వర్ణే. కడియం నుంచి మామిడి అంటు తెచ్చి నాటితే తల్లిచెట్టు కాయే కాస్తుంది. అదే పండు తిని టెంక పెరట్లో పడేస్తే పీచు కాస్తుందో పులుపు కాస్తుందో ఎవరూ పందెం కాయరు. గుర్రం అంటు జాతి కాదు, టెంక జాతిదని మీరెక్కడా రాయలేదు.

బాబాయి లెక్క చాలా తేలిక. తల్లి తెలుపు, తండ్రి ఎత్తు, కొసలు కలిసేలా లోపలికి తిరిగిన ఆ మార్వాడీ చెవులు, బ్యాండుమేళానికి బెదరని నిబ్బరం. పదకొండు నెలలు మోసి ఓ తెల్లవారుజామున ఈనింది. టార్చిలైటు వేసి చూస్తే బొగ్గు! చెవులు తల్లివీ కావు, తండ్రివీ కావు, ఎవరో అడ్రసు అడిగితే తెలీదన్నట్టు చెరో పక్కకి ఉన్నాయి. పదో రోజుకి కంటిరెప్పల చుట్టూ నాలుగు తెల్ల వెంట్రుకలు కనబడ్డాయి. తవుడు అంటుకుందనుకుని బాబాయి తువ్వాలుతో రుద్దాడు. పోలేదు.

మీరు అబద్ధమాడారని అనను. గుర్రానికి 32 జతల క్రోమోజోములు. పిల్లకి తండ్రి ఇచ్చేది ఒక్కో జతలోంచి ఒక్కటి, ఏది ఇస్తాడో ఆయనకే తెలీదు. పేకముక్కలు కలిపి పంచినట్టే. ఒక్క మగగుర్రం వేయగల పంపకాలు 429 కోట్ల పైచిలుకు, తల్లి వేసేవి ఇంకో 429 కోట్లు. మీరేమో ఆడినవాళ్ల పేర్లు రాసి ముక్కలు దాచారు.

మీకంటే పుంజుల వాళ్లు నయం. భీమవరం వైపు పందెం పుంజులు పెంచే ఆసామిని అడగండి, "గెలిచిన డేగ పుంజు పిల్లలైనా పదిలో రెండు నిలబడితే గొప్పండి, పెట్ట కూడా మంచిదవ్వాలి" అంటాడు. మిగతా ఎనిమిదీ ఏమయ్యాయో అడగక్కర్లేదు, ఆదివారం వాసనొస్తుంది. పెట్ట డజను గుడ్లు పొదుగుతుంది కాబట్టి తప్పు చేసుకోడానికి చోటుంది. ఆడగుర్రం ఏడాదికి ఒక్కదాన్ని ఈనుతుంది. అదీ తప్పితే కూర వండుకోలేం.

అమెరికాలో మీ పెద్దన్నగార్లూ ఇంతే చేశారట. 1983లో స్నాఫీ డాన్సర్ అనే ఏడాది గుర్రప్పిల్లని కోటీ రెండు లక్షల డాలర్లకి కొన్నారు. అది ఒక్క పందెంలోనూ దిగలేదు. పోనీ పిల్లల్నైనా పుట్టిస్తుందనుకుంటే అక్కడా నీళ్లు నమిలింది. 2006లో గ్రీన్ మంకీ అనే ఇంకో గుర్రానికి కోటీ అరవై లక్షల డాలర్లు పోస్తే, మూడు పందేలు పరిగెత్తి ఒక్కటీ గెలవలేదు. 1977లో అమెరికాలోని మూడు పెద్ద పందేలూ కొట్టిన సియాటిల్ స్లూ మాత్రం చిన్నప్పుడు పలికింది 17,500 డాలర్లే. ఇవన్నీ చెప్తే బాబాయి మొహం వెలిగింది. "అయితే నేను చవగ్గానే మునిగానన్నమాట!"

నిబ్బరం కథ వినాయక నిమజ్జనం నాడు తేలింది. డప్పు మోగీ మోగకముందే మా నల్లపిల్ల చెరువు గట్టు ముళ్లకంచె మీంచి దూకి, ఎడమ మోకాలి కింద జానెడు చీరుకుంది. ఆ నెలలోనే రాజోలు వైపు నుంచి ఒకతను వచ్చి, పెట్టిన ఖర్చులో సగానికి బేరమాడి, చించినాడ వంతెన దాటించి తీసుకుపోయాడు. మిమ్మల్ని కూడా చేతిలో పెట్టబోతే, "ఆయ్, కాగితం నాకెందుకండీ, గుర్రం కనబడతందిగా" అన్నాడు.

మొన్న మాఘమాసంలో ఆచంట దగ్గర పెళ్లికి వెళ్లాం. పెళ్లికొడుకు తెల్లగుర్రం మీద వస్తున్నాడు. పిర్రల మీద మాత్రం బూడిద చుక్కలు. ముందు బ్యాండు, పక్కన టపాకాయలు. అది చెవి కూడా కదపలేదు. బాబాయి జనాన్ని తోసుకుంటూ వెళ్లి వంగి ఎడమ మోకాలు చూశాడు. జానెడు మచ్చ.

పశువుల డాక్టరు గారిని అడిగితే నవ్వారు. ఆ తెలుపు పుట్టుకతో వచ్చేది కాదట, నెరుపట. నల్లగానో ఎర్రగానో పుట్టి, కంటి చుట్టూ మొదలై, ఏటికింత తెల్లబడతాయట. మా ఆడగుర్రమూ అలాగే పుట్టి ఉంటుందట. దానికి ఆ గుణం ఒకవైపు నుంచే వచ్చి ఉంటే పిల్లకి వచ్చే అవకాశం సగం సగం. వచ్చింది. మావాడు తవుడనుకున్నాడు. మరి నిబ్బరమో? రాజోలు ఆయన తల గోక్కుని, "ఏం లేదండీ, ఏడాది పాటు గుడి మైకు స్తంభానికే కట్టేసేవోణ్ణి" అన్నాడు.

ఇక మీ సంగతి. ఊరగాయల రోజుల్లో జాడీ మూత పగిలితే పిన్ని మిమ్మల్ని ఆవకాయ మీద పెట్టి గుడ్డ కట్టింది. ముత్తాతగారు కాస్త నూనెలో తడిశారు గానీ, లామినేషన్ గట్టిది, చీమ కూడా దూరట్లేదు. బాబాయి మళ్లీ మగగుర్రం కోసం తిరుగుతున్నాడు. ఈసారి కాగితం అడిగేది లేదని ఒట్టేశాడు. పిన్ని మాత్రం తప్పకుండా అడిగి తెమ్మంటోంది, మాగాయ జాడీకి మూత లేదట.

ఇట్లు,
తమ విధేయుడు